రెక్కలో నీళ్ళు

మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. నగరిలో మగ్గాలున్న ఇళ్ళన్నీ దాదాపు అంతే. ముందు వైపు రెండు గదుల్లో మేముంటాం, వెనక రేకుల షెడ్డులో పవర్‌లూమ్ మగ్గాలుంటాయి. కరెంటు ఉన్నంతసేపూ మాట్లాడేది అవి, అరిచేది మేము. కొత్తగా వచ్చిన చుట్టాలు ఏదో పెద్ద గొడవ జరుగుతోందనుకుని సర్దిచెప్పడానికి లేస్తారు. తీరా చూస్తే మా అమ్మ అడిగేది చారులో ఉప్పు సరిపోయిందా అని.

నాయన చెవులు ఆ మోతలో ఎప్పుడో మొద్దుబారాయి. ఒప్పుకోడు. "నాకు బాగా ఇనపడతాది. మీరే నోట్లో నోట్లో గొణుక్కుంటారు" అంటాడు. సగం విని, మిగతా సగం తానే అల్లుకుంటాడు. నేసే మనిషి కదా, ఖాళీ కనబడితే ఊరుకోలేడు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. చెప్పిన మాటే మళ్ళీ చెప్పాల్సి వస్తే గొంతు దానంతటదే లేస్తుంది. అందుకే మా ఇద్దరికీ నోటితో కంటే చేతులతోనే ఎక్కువ పొత్తు కుదిరింది.

షెడ్డులో సైగలే భాష. అరచెయ్యి చాచి అటూ ఇటూ ఆడిస్తే పోగు తెగిందని. మగ్గం ఆపి, తెగిన పోగు వెతికి ముడేసినవాళ్ళు రెండు చూపుడు వేళ్ళూ పక్కపక్కన చేర్చి చూపిస్తారు, అతికిందని. ఆ వెంటనే చెయ్యి ముందుకు తోస్తే, ఇక మగ్గం వదలమని, అంటే మళ్ళీ ఆడనివ్వమని. చిన్నప్పటి నుంచీ పోగులు ముడేసేది నేను, మగ్గాన్ని ఆడించే పిడి దగ్గర నిలబడేది నాయన. నేను చెయ్యి ముందుకు తోసేదాకా ఆయన మగ్గం వదిలేవాడు కాదు. ఎంత పని తొందరలో ఉన్నా అంతే.

ఇలాంటి ఇంట్లో పుట్టినదానివి నీళ్ళ కిందికి ఎలా పోయావని అడుగుతుంటారు. పోయింది నిశ్శబ్దం కోసం. ఈత మా అమ్మ పుట్టింటి బావిలో వచ్చింది. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి కుదిరాక, నాతో పనిచేసే ఒకామె తిరుపతిలో ఈతకొలను దగ్గర స్కూబా నేర్పుతున్నారని చెప్పి సరదాగా ఒక ఆదివారం తీసుకెళ్ళింది. ఆమె మళ్ళీ రాలేదు, నేను మానలేదు. కొలనులో లోతు గుంట అడుక్కి మొదటిసారి చేరినప్పుడు నాకు వినిపించింది నా ఊపిరి ఒక్కటే. అన్నేళ్ళు బతికి, నా ఊపిరి చప్పుడు నేను అంతవరకు వినలేదు. ముఖానికి పెట్టుకున్న అద్దం లోపల ఏడ్చాను, సంతోషానికే.

నేర్పే సార్ నౌకాదళంలో పనిచేసి, రిటైరై, సొంత ఊరు తిరుపతికి చేరిన మనిషి. ఆయన నీళ్ళ కింద వాడే సైగలు నేర్పుతుంటే నాకు నవ్వాగలేదు. అరచెయ్యి ఆడిస్తే ఏదో తేడాగా ఉందని. మా షెడ్డులోనూ దాదాపు అదే కదా! రెండు చూపుడు వేళ్ళూ చేర్చితే మాత్రం అక్కడ అర్థం వేరు. ఒకరినొకరు విడవకండి, జంటగానే ఉండండి అని. అది అలవాటవడానికి నాకు కొంచెం టైం పట్టింది. వేళ్ళు చేర్చగానే నా చెయ్యి దానంతటదే ముందుకు తోసేది, సార్ తిట్టేవాడు.

సార్‌కి తెలుగంటే పిచ్చి. స్కూబాలో మనిషి వీపుకీ సిలిండరుకీ నడుమ ఒక గాలిసంచి ఉంటుంది. అందులో గాలి నింపితే పైకి లేస్తాం, వదిలితే కిందికి దిగుతాం, సమంగా ఉంచుకుంటే ఎక్కడున్నవాళ్ళం అక్కడే ఆగుతాం. దాన్ని అందరూ వింగ్ అంటారు. సార్ మాత్రం "రెక్క" అన్నాడు, ఆయన శిష్యులం కాబట్టి మేమూ రెక్క అన్నాం. నాది చేతులు మారి వచ్చిన పాత రెక్క. దాని మీద నాకు కన్నబిడ్డంత ప్రేమ. తీసుకొచ్చిన రోజు అమ్మ దానికి దిష్టి తీసింది కూడా. ఇంట్లో మాత్రం దాన్ని గాలిసంచి అనే అనేవాళ్ళం.

పాండిచ్చేరి తీరంలో సార్ స్నేహితుడొకాయన చిన్న డైవింగ్ బడి నడుపుతాడు. కొత్తవాళ్ళను వెంటబెట్టుకుని సముద్రంలోకి దిగే పనికి మనిషి కావాలన్నాడు. సార్ ఊ అంటే ఆ పని నాది. ఫ్యాక్టరీ మానేసి, రోజూ నీళ్ళ కిందే బతకొచ్చు. సార్ ఊ అనడానికి మిగిలింది ఒకే ఒక్క పరీక్ష. రెక్కలో నీళ్ళు చేరితే, పైకి రాకుండా, నీళ్ళ కిందే వాటిని తీసెయ్యాలి. ఇక ఇంట్లో ఊ అనాల్సినవాడు నాయన. అమ్మ ఎప్పుడో ఒప్పుకుంది. నాయన మాత్రం అడిగినప్పుడల్లా "సూద్దాంలే" అనేవాడు. ఆయన నోట్లో నుంచి మాట రాకుండా నేను గడప దాటనని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నీళ్ళ కింద నీళ్ళు తీయడమేమిటని మీకు అనిపించవచ్చు. రెక్కకు అడుగున ఒక మూల చిన్న మూత, దానికో తాడు ఉంటాయి. తాడు లాగితే మూత తెరుచుకుని గాలి పోతుంది. ఎక్కువసేపు లాగినా, మూత సరిగా మూసుకోకపోయినా, గాలి పోయిన దారినే నీళ్ళు లోపలికి వస్తాయి. నిండు కుండ తొణకదంటారు. సగం నీళ్ళున్న రెక్క చేసే ఆగం చూస్తే ఆ సామెత పుట్టించినవాళ్ళకు చేతులెత్తి మొక్కుతారు. ఎడమకు ఒరిగితే నీళ్ళన్నీ ఎడమకు దొర్లి మనిషిని ఈడ్చుకుపోతాయి, కుడికి తిరిగితే కుడికి. పైగా నీళ్ళు ఆక్రమించిన చోట గాలి పట్టదు, తేలాల్సిన సమయంలో రెక్క మనల్ని తేలనివ్వదు.

తీసే పద్ధతి వినడానికి తేలిక. నిటారుగా నిలబడి, ఎడమ తుంటి కొంచెం కిందికి వంచాలి. అప్పుడు నీళ్ళు మూత ఉన్న మూలకు చేరతాయి. ఇప్పుడు రెక్క బిగుసుకునేదాకా గాలి నింపాలి. లోపలి బిగువే నీళ్ళను బయటికి నెడుతుంది. తాడు లాగితే నీళ్ళు పోతాయి, ఆ వెనకే బుడగలు వస్తాయి. బుడగ కనబడగానే తాడు వదిలెయ్యాలి. చిక్కంతా ఎక్కడంటే, బిగుసుకున్న రెక్క ఊరికే ఉండదు, మనిషిని పైకి గుంజుతుంది. అందుకని గుంట అడుగున ఉన్న సిమెంటు దిమ్మె ఇనుపకడియాన్ని కుడిచేత్తో పట్టుకుని ఉండాలి. నీళ్ళు పోయాక ఎక్కువున్న గాలి కూడా వదిలి, ఆ తర్వాతే కడియం విడవాలి.

మొదటిసారి నా చెయ్యి జారింది. సీసా బిరడాలా పైకి లేచిపోయాను. ఊపిరి బిగబట్టవద్దని సార్ వెయ్యిసార్లు చెప్పిన ఒక్క మాట గుర్తుండబట్టి ఏమీ కాలేదు. ఊపిరి బిగబట్టి అలా లేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గట్టుమీద సార్ తిట్లు తిరుపతి బస్టాండు దాకా వినబడి ఉంటాయి. ఆ తర్వాత వారం సార్ పక్కనే ఉండి పట్టుకుంటే నీళ్ళు తీశాను కానీ, కాసేపటికే రెక్క మళ్ళీ బరువెక్కింది. ఇంకోసారి తీశాను, మళ్ళీ అంతే. "వచ్చే ఆదివారం ఆఖరు. నిన్ను నువ్వు చూసుకోలేకపోతే ఇంకొకళ్ళను ఎలా చూస్తావు?" అన్నాడు సార్. ఆయన అన్నదాంట్లో తప్పేముంది.

ఇంటికొచ్చాక ఒక సాయంత్రం షెడ్డు గుమ్మంలో నిలబడి సార్‌కి ఫోన్ చేశాను. మగ్గాలు ఆడుతున్నాయి కాబట్టి అరిచే మాట్లాడాను. "రెక్కలో నీళ్ళు సార్! ఎంత తీసినా మళ్ళీ చేరుతున్నాయి! ఆదివారం లోపల పోకపోతే నన్ను వద్దంటారు కదా సార్!" ఇంతే నేనన్నది. నాయన నాకు కొంచెం దూరంలో మగ్గానికి నూలు కండె మారుస్తున్నాడు. తలెత్తి చూశాడు, మళ్ళీ దించుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి మా ఇల్లు మారిపోయింది. బోరింగు దగ్గర బిందె ఎత్తబోతే నాయన వచ్చి లాక్కున్నాడు. అన్నం తినేటప్పుడు అమ్మ "ఉండు, నేను కలిపి పెడతా" అంది. నేనేమన్నా పసిపిల్లనా అని కసిరితే, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర్నాడు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి నువ్వులనూనె వెచ్చచేసి పెట్టింది, భుజాలకు రాస్తానని. నాయన పక్కనే కూర్చుని "మెల్లగా, మెల్లగా" అంటున్నాడు. నాకర్థమైంది ఒక్కటే. నేను పాండిచ్చేరికి వెళ్ళిపోతానని వీళ్ళు మనసులో సిద్ధపడిపోయారు, పోయే పిల్లకు చేసే ముద్దులు ఇవి. కోపమంతా కరిగిపోయింది. అడక్కుండానే ఊ అన్నట్టే కదా అని మురిసిపోతూ భుజాలు అప్పగించాను.

"పాపా, రేపు నీకు సెలవు గదా. పొద్దున్నే పుత్తూరు పోవాల" అన్నాడు నాయన.

"యేం పని నాయనా?"

"ఉండాదిలే."

నగరి నుంచి పుత్తూరు ఎంత దూరం. మోపెడ్ మీద ఆయన వెనక కూర్చుని పోతుంటే చల్లగా ఉంది, కొండలు దగ్గరికొస్తున్నాయి. ప్రతి గుంతకూ బండి ఆపినంత పని చేసి, చక్రం మెల్లగా దించి, మళ్ళీ ఎక్కిస్తున్నాడు. ఆయనకు ఎప్పటినుంచో ఉన్న మోకాలి నొప్పి బాగా ఎక్కువైనట్టుంది, ఒంటరిగా పోవడానికి భయపడి నన్ను తోడు తెచ్చుకున్నాడనుకున్నాను. పుత్తూరు అంటే మా వైపు విరిగిన ఎముకలకు కట్టే కట్టు గుర్తొస్తుంది. అనుకున్నట్టే కట్టు కట్టే ఒక పెద్దాయన ఇంటి ముందు ఆపాడు. వసారా నిండా చెయ్యి మెడకు వేలాడదీసుకున్నవాళ్ళు, కాలు చాపుకుని కూర్చున్నవాళ్ళు. ఆకు పసరు వాసన. మా వంతు వచ్చింది.

"యేమైనాదప్పా?" అన్నాడు పెద్దాయన.

"మా నాయనకు మోకాలండీ" అన్నాను నేను.

"మా పాపకు రెక్కలో నీళ్ళు" అన్నాడు నాయన, నా మాట మీదే.

నాకప్పుడు తట్టింది. మా వైపు రెక్క అంటే చెయ్యే. భుజం కింద పట్టుకుంటే రెక్క పట్టుకున్నారంటాం, పని చేసి చేసి రెక్కలు పడిపోయాయంటాం. మోకాట్లో నీళ్ళు చేరాయని చెప్పుకునేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. నాయన ఆ రెండూ కలిపి నేసేశాడు.

"యే రెక్క?" అని పెద్దాయన నా చేతులు చూశాడు.

"కుడిదో ఎడమదో సెప్పలేదన్నా. ఎంత తీపిచ్చినా మళ్ళా చేరతా ఉండాయంట. ఆదివారం లోపల పోకపోతే ఫ్యాక్టరీలో వద్దంటారంట" అన్నాడు నాయన. ఆ మాట అంటూ గొంతు తడబడింది. "రెక్కాడితే గానీ డొక్కాడని బతుకులు మావి. నా రెక్కలు అయిపోయినా యేం కాదు. పాప రెక్క పోకూడదు."

అది కాదని చెప్పబోయాను. ఈలోగా పెద్దాయన నా చేతులు రెండూ భుజం నుంచి మణికట్టు దాకా వేళ్ళతో నొక్కి చూశాడు. ఎత్తమన్నాడు, తిప్పమన్నాడు, తనను నెట్టమన్నాడు. నెట్టాను. ఆయన కూర్చున్న స్టూలు వెనక్కి జరిగింది.

"ఈ రెక్కలకు యేమీ లేదప్పా. వీటితో ఒకటి తగిలిస్తే నాకే కట్టు కట్టాల" అన్నాడు. వసారాలో ఎవరో నవ్వారు.

నాయనకు నమ్మకం కుదరలేదు. "ఇంకోసారి సూడన్నా. పని ఆపుకోని వచ్చినాము. వచ్చినందుకు ఒక కట్టు కట్టేయ్."

"లేనిదానికి కట్టు కడితే ఉన్నదానికి యేం కట్టేదప్పా?"

అప్పటికి నాకు సందు దొరికింది. మా ఇంటి గొంతే వచ్చింది. "నాయనా! నీళ్ళు చేరింది నా రెక్కలో కాదు! నీళ్ళ కింద తగిలించుకుంటానే, ఆ రెక్కలో!" అని అరిచాను. వసారా మొత్తం మా వైపు తిరిగింది. మణికట్టు విరిగిన ఒక ముసలమ్మ నా వీపు వైపు వంగి చూసింది. "రెక్కలు తగిలించుకుంటావా తల్లీ?" అంది, నేను ఏదో దేవకన్యనైనట్టు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. రెండు రోజులుగా నువ్వులనూనె రాయించుకున్నది, అన్నం కలిపించుకున్నది అంతా గుర్తొచ్చింది. ఆ ముద్దులు పాండిచ్చేరికి పోయే పిల్లకు కాదు, చెయ్యి చెడిపోయిన పిల్లకు.

పెద్దాయన వదల్లేదు, అదేమి రెక్క అని అడిగాడు. గాలిసంచి, మూత, తాడు, నీళ్ళు తీసే పద్ధతి అంతా చెప్పాను. కట్టు కోసం వచ్చినవాళ్ళంతా నొప్పి మరిచి విన్నారు.

"అది పైకి గుంజతా ఉంటే నిన్ను కింద పట్టుకునేది యేది?" అన్నాడు పెద్దాయన.

"ఇదే" అని కుడిచెయ్యి చూపించాను.

"అట్లయితే రావడం మంచిదే అయినాది. దీన్ని బాగా సూసుకో" అని ఆ చేతిమీద తట్టి పంపించాడు. "సూసినావా, ఊరికే రాలే" అన్నాడు నాయన వెంటనే. మా నాయనను ఓడించడం ఎవరివల్లా కాదు.

దారిలో టీ కొట్టు దగ్గర ఆపాడు. రెండు టీలు చెప్పాడు. తర్వాత, తన చెవులకు తగ్గట్టు కాక, మామూలు మనుషుల్లా మెల్లగా అడిగాడు. "అది పైకి గుంజతాదా? సెయ్యి జారితే?"

అబద్ధం చెప్పలేకపోయాను. "పోయినసారి జారింది నాయనా."

గ్లాసు నోటి దగ్గర ఆగిపోయింది. మళ్ళీ కింద పెట్టేశాడు, సగం టీ అలాగే వదిలేసి లేచాడు. ఆయన ఊ అన్నాడని రెండు రోజులు మురిసిన నాకు, ఇక ఎప్పటికీ ఊ అనడేమోనని అప్పుడు భయం వేసింది. ఇంటిదాకా ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. కనీసం "సూద్దాంలే" అన్నా బాగుండుననిపించింది.

ఇంటికి రాగానే "ఆ రెక్క సూపించు" అన్నాడు. పెరట్లో నూలు నానబెట్టే సిమెంటు తొట్టి ఉంది. నీళ్ళు నింపి, రెక్కను అందులో ముంచి, కొన్ని నీళ్ళు లోపలికి పోనిచ్చాను. నోటితో గాలి ఊది బిగించాను. "పట్టుకో నాయనా" అంటే రెండు చేతులతో అదిమాడు. అది ఆయన చేతుల కింద మెసిలి పైకి తన్నింది. "అమ్మో, యేం బలం!" అన్నాడు. మూల కిందికి వంచి తాడు లాగాను. నీళ్ళలోంచి నీళ్ళు పోవడం కంటికి కనబడదు. చెయ్యి అడ్డం పెట్టమంటే పెట్టాడు. "పోతా ఉండాయి, పోతా ఉండాయి" అన్నాడు, ముఖం వెలిగిపోతూ. బుడగలు రాగానే తాడు వదిలాను. కాసేపు ఆగి రెక్క ఎత్తి చూస్తే, లోపల మళ్ళీ నీళ్ళు!

మూత మరలు తిప్పి ఊడదీశాను. లోపలి రబ్బరు బిళ్ళ అంచున, కనీకనిపించకుండా, సన్నటి నూలు పీచు చుట్టుకుని ఉంది. నీలం రంగు. ఆ నెల మా మగ్గాల మీద ఉన్నది నీలం గళ్ళ లుంగీ పడుగు. రెక్కను ఎండలో ఆరేస్తే పాడవుతుంది, నీడలోనే ఆరెయ్యమని సార్ చెప్పాడు. మా ఇంట్లో నీడ ఉన్న చోటంటే షెడ్డే. తెచ్చిన నాటి నుంచీ దాన్ని మగ్గాల మీది దూలానికే తగిలిస్తూ వచ్చాను. మా తలల్లో, కనుబొమ్మల్లో చేరే పీచే దాని మూతలోనూ చేరింది. మూత పూర్తిగా మూసుకోవడం లేదు, నీళ్ళు ఆగడం లేదు.

అమ్మ పడీపడీ నవ్వింది. "మగ్గాన్ని వదిలేసి పోతానంటివే, అది నీతోనే నీళ్ళలోకి దిగినాది సూడు" అంది. నాయన నవ్వలేదు. ఆ పీచును రెండు వేళ్ళ మధ్య నలుపుతూ "మన పోగే" అన్నాడు. తర్వాత రెక్కను తీసుకెళ్ళి ముందు గదిలో తన చొక్కా తగిలించుకునే కొక్కేనికి తగిలించాడు. పీచు పడకుండా అమ్మ పాత చీర కప్పాడు. చొక్కా కుర్చీ మీద పడేశాడు. ఆయన పంపిస్తాడో పంపడో మాత్రం చెప్పలేదు. నాకు అడిగే ధైర్యం లేదు.

ఆదివారం పొద్దున నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది. కరెంటు ఉంది, మగ్గాలు ఆడటం లేదు. అమ్మ కూడా కంగారుగా లేచి షెడ్డులోకి తొంగి చూసింది. నాయన ఉతికిన పంచె కట్టుకుని వసారాలో కూర్చుని ఉన్నాడు, రెక్క సంచి ఒళ్ళో పెట్టుకుని. కరెంటు ఉండగా ఆయన తనంతట తాను మగ్గాలు ఆపడం నేను అంతకుముందు చూడలేదు. "తిరుపతికి నేనూ వస్తా. అయినాక కొండకు పోయొచ్చు" అన్నాడు.

కొలను దగ్గర ఆయన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, సార్‌తో దిగాను. సార్ అడుగున నన్ను నిలబెట్టి, నా రెక్కలోకి తనే నీళ్ళు ఎక్కించాడు, తర్వాత దూరం జరిగి చేతులు కట్టుకున్నాడు. కుడిచేత్తో కడియం పట్టుకున్నాను. ఎడమ తుంటి దించాను. గాలి నింపుతుంటే వీపు మీద రెక్క లావెక్కుతోంది, లేపుతోంది. పాదాలు నేల విడిచాయి. భుజం సాగుతోంది, కడియం మీద వేళ్ళు సడలుతున్నాయి. పోయినసారి జారింది సరిగ్గా ఇక్కడే. భయం వేసింది, బాగా వేసింది. ఈ చెయ్యి పోకూడదని పుత్తూరులో తడబడిన గొంతు చెవిలో వినబడింది. వేళ్ళు బిగించాను. రెక్కాడితే డొక్కాడే మాట సరే, ఇప్పుడు ఆడకుండా ఉంటే చాలు తల్లీ అనుకున్నాను నా రెక్కతో.

తాడు లాగాను. కాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత తొడకు సన్నగా నీటి తోపు తగిలింది, పోతున్నాయి. పోయాయి, పోయాయి, గుప్పున బుడగలొచ్చాయి. తాడు వదిలేశాను. భుజం దగ్గర వేలాడే రెక్క గొట్టం ఎత్తి మిగులు గాలి కొంచెం కొంచెంగా వదిలాను. పాదాలు నెమ్మదిగా దిగాయి. కడియం విడిచాను. పైకి లేవలేదు, కిందికి కుంగలేదు, ఉన్నచోటే ఉన్నాను. నీళ్ళు మళ్ళీ చేరలేదు. నా ఊపిరి నాకు వినబడుతోంది. సార్ బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు, బాగుందని.

పైకి తేలేసరికి గట్టుమీద రభస. నాయన మెట్ల మీద లేడు. చూడవచ్చినవాళ్ళు రాకూడని అంచు దాకా వచ్చి నీళ్ళలోకి వంగి ఉన్నాడు, కాపలా మనిషి ఆయన రెక్క పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. పైనుంచి ఆయనకు ఏం కనబడి ఉంటుంది? బుడగలే. "అయిపోయింది నాయనా!" అని అరిచాను. ఈతకొలను గోల, పిల్లల కేకలు, ఆయన చెవులు. వినబడలేదు. ఆయన అరచెయ్యి చాచి అటూ ఇటూ ఆడించాడు. తెగిందా?

నేను రెండు చూపుడు వేళ్ళూ చేర్చి ఎత్తి చూపించాను.

ఆయన కాపలా మనిషిని విదిలించుకుని నిటారుగా నిలబడ్డాడు. చాలాసేపు నన్నే చూశాడు. తర్వాత మెల్లగా తన రెండు చూపుడు వేళ్ళూ చేర్చాడు. నా పక్కనే తేలుతున్న సార్ అది చూసి దిగులుగా తలాడించాడు. "విడవకుండా కలిసే ఉండమంటున్నాడా మీ నాయన? అంటే పాండిచ్చేరికి పంపడా?"

నేను నాయన చేతినే చూస్తున్నాను. ఇన్నేళ్ళూ నేను చూపితే ఆయన మగ్గం వదిలేవాడు. ఆయన నాకు చూపడం ఇదే మొదటిసారి. వేళ్ళు విడదీసి, అరచెయ్యి నా వైపు తిప్పి, నాయన చెయ్యి ముందుకు తోశాడు.

"కాదు సార్" అన్నాను. "పోగు అతికిందంట. మగ్గం వదలమంటున్నాడు."